కిటికీకి కట్టిన దుప్పటి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో మా వీధిలో తెలుగు ఇళ్లే ఎక్కువ. బొగ్గు గనుల్లో పనికో, కాగితం మిల్లులో పనికో తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు. మా నాన్న గనిలో పనిచేసేవారు. రాత్రి షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి పొద్దెక్కేది. ఆయన నడుం వాల్చకముందే అమ్మ కిటికీ ఊచలకు నల్ల దుప్పటి కట్టి, తలుపు సందులో గోనెసంచి కుక్కేది. ఆ మాత్రం చీకటి చేస్తే గానీ ఆయనకు కునుకు పట్టేది కాదు.

ఇప్పుడు నాన్న ఇంటిపట్టునే ఉంటున్నారు. దుప్పటి మాత్రం మళ్లీ కిటికీ ఎక్కింది, ఈసారి రాత్రి పూట! ఎదురు స్తంభానికి ఉన్న పసుపుపచ్చ సోడియం దీపం తీసేసి తెల్లటి ఎల్‌ఈడీ బిగించారు. దాని వెలుగులో దిండు గలీబు మీది పువ్వులు లెక్కపెట్టవచ్చు.

కళ్లు మూసుకున్నాక వెలుగు ఏం చేస్తుందని చాలామంది అడుగుతారు. రెప్పలు వెలుగును పూర్తిగా ఆపవు. పైగా కంటికి చూడటమొక్కటే పని కాదు. కంటి వెనక పొర రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థమున్న కణాలు కొన్ని ఉన్నాయి. వాటి ముఖ్యమైన పని బొమ్మ చూపడం కాదు, ఇది పగలా రాత్రా అని మెదడుకు కబురు పంపడం. చూపు పూర్తిగా పోయినవారిలో కూడా కొందరికి ఈ దారి పనిచేస్తుందని 1995లోనే తేలింది. వాళ్ల కళ్లకు వెలుగు చూపిస్తే రక్తంలో మెలటోనిన్ తగ్గింది.

మెలటోనిన్ అంటే చీకటి పడిందని ఒళ్లంతా చాటే హార్మోను. దాన్ని ఎప్పుడు విడుదల చేయాలో మెదడు అడుగున, కంటి నరాలు కలిసేచోటికి కాస్త పైన ఉన్న గడియారం చెబుతుంది. సుమారు 20 వేల నాడీకణాల ముద్ద అది. మనుషుల్లో సగటున ఈ గడియారం 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. ఉదయపు వెలుగు దాన్ని రోజూ సరిచేస్తుంది. పొద్దుపోయాక పడే వెలుగు ఇంకా వెనక్కి నెడుతుంది. అన్నిటికంటే ఎక్కువ నెట్టేది నీలి వెలుగు, తరంగం పొడవు 480 నానోమీటర్ల దగ్గర ఉండేది. మామూలు తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలి వెలుగిచ్చే చిప్పే. దానికి పసుపు పూత పూసి తెలుపు చేస్తారు.

దీనివల్ల నష్టం నిద్ర దగ్గర ఆగదు. 2022లో అమెరికాలో 20 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులతో చేసిన పరిశోధనలో, 100 లక్స్ (లక్స్ అంటే మీద పడే వెలుగుకు కొలత) వెలుగులో ఒక్క రాత్రి పడుకున్నవారికి నిద్రలో గుండె వేగం పెరిగింది, తెల్లారాక ఇన్సులిన్ పనితీరు తగ్గింది. కిటికీలోంచి పడే వీధి వెలుగు సాధారణంగా అంత ఉండదు. కానీ అది ఒక్క రాత్రితో పోయేది కాదు. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లో క్యాన్సర్ కారకమయ్యే అవకాశమున్న వాటిలో చేర్చింది, 2019లో అదే మాట మళ్లీ చెప్పింది. అది చదివిన రోజు నాకు నాన్న ముఖమే కళ్లముందు మెదిలింది.

వీధి దీపాలు ఆర్పమని నేననను. చంద్రపూర్ జిల్లాలో పులి భయం ఉత్త మాట కాదు. షిఫ్టు దిగి నడిచి వచ్చేవారికి, ఆడపిల్లలకు వెలుగు కావాలి. కావలసింది దారి మీద, పడుతున్నది మంచం మీద. దీపం తల కిందికి వంచి, వెనకవైపు రేకు బిగిస్తే చాలావరకు తీరిపోతుంది. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం కలిసిన తెలుపు. తెలుపు బదులు 3000 కెల్విన్ లేదా అంతకు తక్కువ పసుపు దీపాలు వాడాలని 2016లో అమెరికా వైద్య సంఘం సూచించింది. ఇంట్లోకి బల్బు కొనేటప్పుడు కూడా పెట్టె మీద ఆ అంకె చూడండి. 6500 అని ఉంటే పడకగదికి వద్దు. రాత్రి లేవాల్సి వస్తుందనుకుంటే ఎర్రటి జీరో బల్బు చాలు.

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. దుప్పటి కడితే గాలి ఆడదు, తీస్తే వెలుగు ఆగదు. అందుకని నాన్న మంచం కిటికీ లేని వంటింట్లోకి మార్చాం. వీధి మలుపులో ఒక దీపానికి వెనక రేకు ఉంది. దాని కింద నేల మీద పడ్డ చిన్న మేకు కూడా కనిపిస్తుంది, వెనక ఉన్న ఇంటి గోడ మాత్రం చీకట్లోనే ఉంటుంది. అలాంటి రేకే మా స్తంభానికీ కావాలని వీధివాళ్లమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం.