నీలి లైటు కింద చెల్లాయి

పిల్లలూ,

చెల్లాయి కళ్ళకు గంతలు కట్టి నీలి లైటు కింద పడుకోబెట్టారని రాశారు. "అమ్మ రక్తం పడలేదట, అంటే తప్పు అమ్మదా?" అని అడిగారు. కాదమ్మా, ఎవరి తప్పూ కాదు.

మీ అమ్మది ఓ గ్రూపు, చెల్లాయిది ఏ. ఓ వాళ్ళ రక్తంలో ఏ, బీ కణాలంటే గిట్టని యాంటీబాడీలు ముందునుంచే ఉంటాయి. వాటిలో కొన్ని మాయ (కడుపులో తల్లినీ బిడ్డనూ కలిపే భాగం) దాటి వెళ్ళి బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. అప్పుడు బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పేరుకుని ఒళ్ళు పచ్చబడుతుంది. బాగా పెరగనిస్తే మెదడుకు ప్రమాదం, అందుకే ఆ లైటు. వెలుగు తగిలితే బిలిరుబిన్ రూపం మారి ఒంట్లోంచి బయటికి పోతుంది.

దీన్ని కనిపెట్టింది ఒక నర్సు చూపు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ పసివాళ్ళను ఎండలోకి తీసుకెళ్ళేది. ఒక బిడ్డకు దుప్పటి అంచు కప్పిన చోట మాత్రమే పచ్చగా మిగిలి, చుట్టూ తేటపడి ఉండటం చూసి డాక్టర్లకు చూపించింది.

అసలు గట్టిది ఆర్‌హెచ్ తేడా, అంటే గ్రూపు పేరు పక్కన ఉండే పాజిటివ్, నెగటివ్ తేడా. బ్లడ్ బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ నేను చేసిన పరీక్షే అది. గాజు పలక మీద రక్తం చుక్క, దాని మీద యాంటీ-డీ (పాజిటివ్ కణాలను పట్టుకునే యాంటీబాడీ) చుక్క వేసి కలిపితే, పాజిటివ్ రక్తం పాలు విరిగినట్టు అవుతుంది. నెగటివ్ కదలదు. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుట్టేటప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లిలోకి వెళ్తుంది. ఆమె ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మొదటి బిడ్డ మామూలుగా బయటపడుతుంది, దెబ్బ తర్వాతి పాజిటివ్ బిడ్డకు. ఇది కొందరు బిడ్డల్ని కడుపులోనే తీసుకుపోయేది. 1968 నుంచి యాంటీ-డీ ఇంజెక్షన్ ఉంది. ఏడో నెలలో ఒకటి, కాన్పయ్యాక 72 గంటల్లోపు ఇంకొకటి. తల్లి ఒళ్ళు ఆ కణాలను పోల్చుకునేలోపే అది వాటిని తుడిచేస్తుంది.

ఆ మందు మనుషుల ప్లాస్మా (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) నుంచే వస్తుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 18వ ఏట మొదలుపెట్టి 81 వచ్చేదాకా 1,173 సార్లు ఇచ్చాడు. సూది గుచ్చేటప్పుడు మాత్రం అటు చూసేవాడు కాదట!

చెల్లాయి మడమల మీద చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. బిలిరుబిన్ ఎంతుందో చూడటానికి రక్తం తీసినవి. చూసి ఏడవకండి. రేపు అంకె తగ్గితే లైటు తీసేస్తారు. ఎంతకు తగ్గిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ
తాతయ్య