ముద్ర సన్నానిది, టిక్కీ తేజది

2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి యార్డు మళ్లీ పత్రికల మొదటి పేజీకెక్కింది. రెండేళ్ల కిందట క్వింటా 20 వేలు దాటి పలికిన ఎండుమిర్చి దాదాపు సగానికి జారిపోయింది. చివరికి ధర పడినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేసింది. ధర ఎందుకు పడిందని ఎవరిని కదిపినా మాట తిరిగి తిరిగి ఎగుమతుల దగ్గరికే, అందులోనూ చైనా దగ్గరికే వచ్చేది. గుంటూరు కారమని మనం మీసం తిప్పుకునే సరుకుకు ధర తేలేది యార్డు ఉన్న చుట్టుగుంట సెంటర్లో కాదని అందరికీ తెలుసు. ఈ పరిస్థితి 1991 ఆర్థిక సంస్కరణలతో మొదలైందని చాలామంది అనుకుంటారు. కథ అంతకంటే చాలా పాతది.

శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న రోజుల్లో ఆ కోట వంటింట్లో మిరపకాయ లేదు. ఉండే వీలే లేదు. కొలంబస్ అమెరికా ఖండాల వైపు ఓడ కట్టింది 1492లో. ఆ తర్వాతే ఈ మొక్క సముద్రం దాటింది, పోర్చుగీసు ఓడల్లో మన పడమటి తీరానికి చేరింది. అంతవరకు మన వంటల్లో ఘాటంటే మిరియమే. కొత్త కాయకు పేరు కూడా మిరియం నుంచే అరువు తెచ్చుకున్నాం. తమిళుల మిళగు మిళగాయ్ అయినట్టే ఇక్కడ మిరియం తోబుట్టువుగా మిరపకాయ వచ్చింది.

తెలుగువాళ్లకు పరాయి సరుకును గుర్తుపట్టడానికి ఒక మాటుంది, సీమ. సీమచింత, సీమపంది, సీమసున్నం. ఓడ దిగిన ప్రతిదానికీ ముందు ఆ ముద్ర వేసి, తర్వాత ఇంట్లోకి రానిచ్చారు. ఇంటి ముందు పెరిగే నాటు మిరపకు మాత్రం ఆ సీమ అంటలేదు. రెండు మూడు వందల ఏళ్లలో అది ఎంత మనదైపోయిందంటే, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబితే ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. ఒకసారి మా చుట్టాల పెళ్లి పంక్తిలో ఈ సంగతి కదిపితే పక్కన కూర్చున్న పెద్దాయన, 'అయితే గోంగూర కూడా మనది కాదంటావురా?' అన్నాడు. గోంగూర పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతుంది, చింతచెట్టుదీ అదే దారి. ఆకులో అన్నం మిగిలి ఉంది కాబట్టి నేను మాట్లాడలేదు.

మిరపతోపాటే అదే అమెరికా నుంచి మరో మొక్క వచ్చింది, పొగాకు. గుంటూరుకు డబ్బు రుచి చూపించింది నిజానికి అదే. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పుట్టింది. 1920ల నుంచి ఈ నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు పాకింది. ఊరూరా ఆకును వేడికి ఆరబెట్టే కొట్లు, బ్యారన్లు, లేచాయి. బేళ్లు కట్టి రేవుకు పంపితే ఇంగ్లండులో సిగరెట్లయ్యేవి. 1930ల ఆర్థిక మాంద్యంలో లండన్లో ధర తగ్గితే ఇక్కడి గ్రామాల్లో అప్పులు పెరిగాయి. 1976లో పొగాకు బోర్డు ఏర్పడితే దాని ప్రధాన కార్యాలయం గుంటూరులోనే పెట్టారు. ఇంత చరిత్ర ఉన్నా పొగాకును ఎవరూ 'మన సంస్కృతి' అనరు. ఇంటి లెక్కల పుస్తకాన్ని అది దాటి రాలేదు. మిరప వంటింట్లోకి వచ్చింది, వర్జీనియా పొగాకు పొలం నుంచి నేరుగా ఓడెక్కింది. పుట్టిన గడ్డ ఒకటే అయినా ఒకటి ఇంటిబిడ్డ కావడానికి, ఇంకొకటి సరుకుగా మిగలడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

బయటివాడి రుచికి తగ్గట్టు మన చేతిపని మారడం కూడా కొత్తేమీ కాదు. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో బందరు ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల రేవు అది. ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ దిగేసరికే డచ్చివాళ్లు కొట్లు తెరిచి ఉన్నారు. బందరు అద్దకంలో తీగలూ పూలూ పర్షియా అభిరుచికి దగ్గరగా ఉండటానికి కారణం ఆ ఓడ వ్యాపారమే. ఆ బట్టలు యూరప్‌లో ఎంత గిరాకీ తెచ్చుకున్నాయంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టల మీద నిషేధం పెట్టింది, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసింది. అప్పట్లో తమ దేశ సంస్కృతినీ, బతుకుతెరువునూ కాపాడుకోవాలని కంగారుపడింది వాళ్లు. ప్రపంచీకరణ మీద ఇవాళ్టి చర్చల్లో ఈ సంగతి గుర్తుచేసేవాళ్లు తక్కువ.

ఇక మిరప దగ్గరికి వద్దాం. 1967లో నాగార్జునసాగర్ ఆనకట్ట ప్రారంభమై కుడికాలువ నీళ్లు పల్నాడుకు, గుంటూరుకు అందాక మిరప, పత్తి విస్తారంగా పెరిగాయి. అప్పటి పేరున్న కాయ సన్నం. తోలు మందం, ఎర్రని రంగు, భరించగలిగే ఘాటు. పండుకాయల్లో మంచివి ఏరి, గింజ తీసి, వచ్చే ఏటికి దాచుకునేవాళ్లు. తర్వాత గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం రకాలు వచ్చాయి. యార్డులో ఇప్పటికీ 334 అని పిలిచేది అక్కడి ఎల్‌సీఏ 334నే. అటుపైన తేజ వచ్చింది. సన్నం కంటే చిన్న కాయ, ఘాటు చాలా ఎక్కువ. ఎగుమతిదారు ఎస్17 అంటే ఇదే. ఆ కోవలో ప్రైవేటు కంపెనీల సంకర విత్తనాలూ దిగాయి. సంకరం కాయ గింజ దాచి మళ్లీ వేస్తే పంట ఒకే తీరుగా రాదు. కాబట్టి ఏటా ప్యాకెట్ కొనాల్సిందే.

తేజకు ఎందుకంత గిరాకీ? ఇక్కడే అసలు కిటుకుంది. మన ఇంట్లో కారమంటే రంగు, ఘాటు, వాసన మూడూ కలిసిన పొడి. అంతర్జాతీయ ఆహార పరిశ్రమకు అలా కలిసి ఉండటం అవసరం లేదు. కాయను రసాయనాలతో వడగట్టి ఓలియోరెసిన్ అనే చిక్కని సారం తీస్తారు. ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ ఎక్కువున్న కాయ ఒక డబ్బాలోకి, రంగెక్కువ ఉన్న కర్ణాటక బ్యాడిగి తరహా కాయ ఇంకో డబ్బాలోకి వెళుతుంది. చిప్స్ పొట్లంలో ఎంత కారం, ఎంత ఎరుపు ఉండాలో ఫ్యాక్టరీలో కొలిచి పోస్తారు. చైనాలో హాట్‌పాట్ అనే ఉడుకు పులుసుకు మన తేజ వెళుతుంది. మిరప ఆ దేశానికీ మనకు చేరినట్టే సముద్రం దాటి చేరింది. ఈ లెక్కలో రంగూ ఘాటూ మధ్యస్థంగా ఉన్న సన్నానికి చోటు కుంచించుకుపోయింది.

అదే సమయంలో సన్నానికి గౌరవం పెరిగింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. దాని మేధో హక్కుల ఒప్పందానికి తగ్గట్టు మన దేశం 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి తెచ్చింది. స్పైసెస్ బోర్డు దరఖాస్తు చేసి గుంటూరు సన్నానికి ఆ గుర్తింపు తెచ్చింది. స్థానికతను కాపాడే కాగితం కూడా ప్రపంచీకరణ ఇచ్చిందే! ఆ గుర్తింపు వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ ముద్ర పడింది సన్నం మీద, యార్డులో దిగే టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, జోరుగా వినిపించేవి తేజ, 341, 334, బ్యాడిగి. పేరుకు రక్షణ దొరికింది, పొలంలో ఏ కాయ వేయాలో చెప్పేది మాత్రం కొనేవాడే.

ఈ బంధం తాలూకు దెబ్బలూ ఉన్నాయి. 2003లో ఫ్రాన్సు అధికారులు మన దేశపు కారంలో మైనాలకు, బూటు పాలిష్‌లకు వాడే సూడాన్ అనే రంగును పట్టుకున్నారు. 2005లో బ్రిటన్లో 400కు పైగా ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీయించారు. కల్తీ చేసింది ఎవరో కొందరు, పరీక్షల భారం పడింది అందరి మీద. ఇప్పుడు కల్లంలో కాయ ఎండే తీరు దగ్గర్నుంచి పురుగుమందు అవశేషాల దాకా బయటి దేశాల కొలతలే. తడి మిగిలితే బూజు, బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం, అది తేలితే సరుకు వెనక్కి. 2021లో మిరప తోటల మీద పడిన నల్ల తామర పురుగు సంగతి చెప్పక్కర్లేదు. ఆగ్నేయాసియా నుంచి మన దేశంలోకి చొరబడి, పూతలో చేరి తోటలకు తోటలే దున్నేసుకునేలా చేసింది. సరుకులు తిరిగే లోకంలో పురుగులూ తిరుగుతాయి.

ఇంత జరిగాక గుంటూరు కారం మీద అభిమానం తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది. ఊరు వదిలి వెళ్లినవాళ్లలో మరీ పెరిగింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా 1977లో ఏర్పడింది. అప్పట్లో డాక్టర్లు, ఇంజనీర్లు కొద్దిమందే వెళ్లేవారు. అదే ఏడు విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. తర్వాత విజయవాడ, గుంటూరుల చుట్టూ పుట్టిన కళాశాలల నుంచి ప్రవాహంలా వెళ్లారు. ఆ పిల్లల కోసం వాళ్ల అమ్మలు వేసవిలో పెట్టే ఆవకాయ, కొట్టించే కారం ఇప్పుడొక వ్యాపారం. పచ్చళ్ల దుకాణాల్లో విమానం ప్యాకింగ్‌కు విడిగా మనిషి ఉంటాడు.

కిందటి మార్చిలో విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక కొట్లో కాయలు కొనడానికి నిలబడ్డాను. నా ముందున్న ఆవిడ డల్లాస్‌లో ఉన్న కూతురికి పంపాలంటూ గుంటూరు సన్నం అడిగింది. కొట్టతను రెండు గోనెల్లో చేయి పెట్టి, 'సన్నం ఈమధ్య రావట్లేదమ్మా. రెండు పాళ్లు తేజ, ఒక పాలు బ్యాడిగి కలిపిస్తా, మీ అమ్మాయికి తేడా తెలీదు' అన్నాడు. ఆవిడ ఒక కాయ తుంచి వాసన చూసి, కాసేపు ఆలోచించి, తొడిమలు తీసినవే తూచమంది.