నార్త్ నార్ఫోక్‌లో ఎవరుంటారు? ఒక ఇంగ్లిష్ పల్లె నియోజకవర్గంపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో జనాభా లెక్కలతో పనిచేసే ఉద్యోగం నాది. పేరుకు డేటా అనలిస్టుని. ఎవరు ఎక్కడున్నారు, ఎంత వయసు, ఏం చేసి బతుకుతున్నారు అని రోజంతా పట్టికలు చూసుకుంటూ కూర్చోవడమే పని. ఇక్కడ ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇంటి దగ్గర్నుంచి, ఇక్కడి స్నేహితుల నుంచి ఫోన్లు వస్తాయి. అడిగే ప్రశ్నలోనే ఒక అపోహ కూర్చుని ఉంటుంది. అన్ని చోట్ల గురించీ చెప్పలేను కానీ ఒక్క నియోజకవర్గం తీసుకుని చెబుతాను. నార్త్ నార్ఫోక్. మ్యాపులో ఇంగ్లండ్ తూర్పు వైపు పొట్టలా ముందుకు వచ్చి ఉంటుంది చూడండి, దాని పై అంచు. క్రోమర్, షెరింగమ్, హోల్ట్, వెల్స్, నార్త్ వాల్షమ్ అక్కడి ఊళ్లు.

అపోహ: పల్లె నియోజకవర్గం అంటే అందరూ రైతులే.

క్రోమర్ వెళ్లి చూడండి. సముద్రంలోకి కట్టిన పొడవాటి పియర్, దాని మీద థియేటర్, వరసగా హోటళ్లు, వేసవిలో కాలు పెట్టే సందు ఉండదు. మా లెక్కల్లో అది పల్లె! 2011 సెన్సస్ ఆధారంగా చేసిన వర్గీకరణలో జనాభా 10,000కు లోపున్న ఊరు ఏదైనా గ్రామీణమే. క్రోమర్ ఆ గీతకు కిందే ఉంది, షెరింగమ్ కూడా. కొన్ని మైళ్ల దూరంలోని నార్త్ వాల్షమ్ 12,000 దాటింది కాబట్టి అది పట్టణం. ఆ సంతవీధిలో నిలబడితే పట్టణం అని మీకు అనిపించదు, నాకూ అనిపించదు.

పొలాలు మాత్రం కనుచూపు మేర ఉన్నాయి. గోధుమ, బార్లీ, చక్కెర దుంప. కానీ పొలం పెద్దది, మనుషులు తక్కువ. కోతంతా మెషిన్లే. బ్రిటన్ మొత్తంలో వ్యవసాయంలో ఉన్నది పనిచేసేవాళ్లలో ఒక శాతం చుట్టుపక్కల. ఇక్కడ కాస్త ఎక్కువే అయినా, వృద్ధుల సంరక్షణ, ఆస్పత్రులు, షాపులు, హోటళ్లు ఇచ్చే ఉద్యోగాల ముందు అది చాలా చిన్నది.

అపోహ: పల్లె ఓటు ఎప్పుడూ కన్జర్వేటివ్‌లకే.

ఈ మాట విన్నప్పుడు నాకు మహా సరదా, ఎందుకంటే ఈ నియోజకవర్గం చరిత్రే దానికి జవాబు. 1945 నుంచి 1970 దాకా ఇక్కడ గెలిచింది లేబర్ పార్టీ. 1964 వరకు ఎంపీగా ఉన్న ఎడ్విన్ గూచ్ వ్యవసాయ కూలీల యూనియన్ అధ్యక్షుడు. ఆయన తర్వాత వచ్చిన బెర్ట్ హేజెల్ కూడా ఆ యూనియన్ మనిషే. మన దగ్గర కూలీ సంఘాలు బలంగా ఉన్న పల్లెల్లో ఎర్రజెండా ఎగిరినట్టే, ఇక్కడ పొలం కూలీలు లేబర్‌ను నిలబెట్టారు. తర్వాత ట్రాక్టర్లు, హార్వెస్టర్లు వచ్చాయి, కూలీలు తగ్గిపోయారు, ఖాళీ అయిన ఇళ్లలోకి రిటైరైనవాళ్లు వచ్చి చేరారు. 1970లో సీటు కన్జర్వేటివ్‌లది అయింది. ఇందులో నాయకుల గొప్పతనం, లోపం ఎంతో గానీ, ఓటరు మారిపోవడం పెద్ద కారణమని నా అభిప్రాయం.

అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. 2001లో మూడో పార్టీ అయిన లిబరల్ డెమొక్రాట్ల నుంచి నార్మన్ లాంబ్ 483 ఓట్ల తేడాతో గెలిచి 2019 వరకు ఉన్నారు. ఆయన దిగిపోగానే కన్జర్వేటివ్‌లు 14,000 పైచిలుకు మెజారిటీతో వెనక్కి తీసుకున్నారు. 2024లో మళ్లీ లిబరల్ డెమొక్రాట్లే. మధ్యలో 2016 రెఫరెండంలో ఇదే పేరున్న జిల్లా 58.9 శాతంతో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసింది. వయసు చూసి ఓటు చెప్పేవాళ్లు ఈ వరసను ఒకసారి చూసుకోవాలి.

అపోహ: ముసలివాళ్లు ఎక్కువంటే ఊరు ఖాళీ అవుతున్నట్టే.

2021 సెన్సస్ ప్రకారం నార్త్ నార్ఫోక్ జిల్లాలో 65 దాటినవాళ్లు 33.4 శాతం. ఇంగ్లండ్, వేల్స్ రెండింటిలో ఇదే అత్యధికం. మొత్తం దేశం సగటు 18.6 మాత్రమే. ఇది వినగానే మన బుర్రలో వచ్చే బొమ్మ కోనసీమలో తాళాలు పడ్డ పెంకుటిళ్లు, పిల్లలు అమెరికాలో, అరుగు మీద అమ్మమ్మ, తాతయ్య. ఇక్కడ కథ తిరగబడి ఉంటుంది. చాలామంది ముసలివాళ్లు ఈ ఊళ్లలో పుట్టి ముసలివాళ్లైనవాళ్లు కాదు. లండన్‌లోనో మరో పెద్ద ఊళ్లోనో జీవితమంతా ఉద్యోగం చేసి, ఇల్లు అమ్ముకుని, సముద్రం పక్కన బతుకుదామని యాభై, అరవైల్లో వచ్చి చేరినవాళ్లు.

ఏటా పుట్టేవాళ్లకంటే పోయేవాళ్లే ఎక్కువ. అయినా జనాభా 2011లో 1,01,500 ఉంటే 2021కి 1,02,900 అయింది. కారణం వలసే. బయటికి పోయేది పద్దెనిమిదేళ్ల పిల్లలు. నియోజకవర్గంలో యూనివర్సిటీ లేదు, దగ్గరలో ఉన్నది నారిచ్‌లో. చదువు పూర్తయ్యాక వెనక్కి వద్దామంటే ఇళ్ల ధరలు వాళ్ల జీతానికి అందవు. ఇక ఒక పెద్దాయనకు ఎనభై దాటి కారు నడపలేని రోజు వస్తుంది. భార్య పోయి ఉంటుంది, పిల్లలు నూరు మైళ్ల దూరంలో ఉంటారు, బస్సు రోజుకు ఏ రెండుసార్లో. వచ్చి చూసుకునే కేర్ వర్కర్‌కు ఆ చుట్టుపక్కల అద్దె ఇల్లు దొరకదు. వయసు పట్టికలో ఒక్క గడిలో ఉండే అంకె వెనక ఇంత ఉంటుంది.

అపోహ: ఇల్లుంటే మనిషి ఉన్నట్టే.

జనవరి సాయంత్రం బ్లేక్నీ లాంటి ఊళ్లో నడిస్తే వరసగా కిటికీలన్నీ చీకటి. సెలవులకు వచ్చిపోయేవాళ్ల రెండో ఇళ్లు అవి. సెన్సస్ మనిషిని అతను మామూలుగా ఉండే చోట లెక్కిస్తుంది కాబట్టి వాటిలో ఎవరూ లేనట్టే వస్తుంది. ఇలాంటి ఇళ్లపై కౌన్సిల్ ట్యాక్స్, అంటే స్థానిక ఇంటి పన్ను, రెట్టింపు చేసే అధికారం 2025 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లకు వచ్చింది. రెండో ఇంటి యజమానులు అక్కడ కూడా ఓటు ఉందనుకుంటారు. ఇల్లు కొన్నంత మాత్రాన ఓటు రాదు, అక్కడ కూడా నివాసం ఉన్నట్టు తేలాలి. రెండు చోట్ల పేరున్నా పార్లమెంటు ఎన్నికలో రెండు ఓట్లు వేస్తే నేరం.

అపోహ: జిల్లా లెక్కే నియోజకవర్గం లెక్క.

ఈ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో జిల్లా అంకెలన్నీ ఎత్తి నియోజకవర్గం రిపోర్టులో పెట్టేశాను. ఫేకెనమ్ పట్టణం నార్త్ నార్ఫోక్ జిల్లాలో ఉంది, కానీ ఓటు పక్క నియోజకవర్గంలో. మా సీనియర్ ఏమీ అనలేదు, ఫేకెనమ్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి కాగితం వెనక్కిచ్చింది. ఆ రాత్రి టెన్షన్ ఇంకా గుర్తుంది. పైన నేను చెప్పిన 33.4 కూడా జిల్లాదే, గమనించండి.

అపోహ: జనాభాను సమానంగా పంచి సీట్లు గీస్తారు.

మన దగ్గర జనాభా, ఇక్కడ ఓటర్లు. 2023 పునర్విభజనలో ఒక సీటుకు 69,724 నుంచి 77,062 మంది దాకా ఓటర్లు ఉండాలని పెట్టారు. అదీ 2020 మార్చి నాటి జాబితా ప్రకారం. ద్వీపాలకు చెందిన ఐదు సీట్లకు మినహాయింపు. 30 లక్షల ఓటర్లు దాటిన మల్కాజ్‌గిరి చూసినవాళ్లకు ఇవి వార్డుల్లా కనిపిస్తాయి. పిల్లలు, ఓటు హక్కులేని విదేశీయులు ఎక్కువగా ఉన్న బర్మింగ్‌హామ్ సీటులో జనం లక్ష బాగా దాటినా ఎంపీ ఒక్కరే. పిల్లలు తక్కువున్న నార్త్ నార్ఫోక్‌కూ ఒక్కరే.

అపోహ: అందమైన పల్లెల్లో పేదరికం ఉండదు.

ఇక్కడ పేదరికాన్ని కొలిచేది సుమారు 1,500 మంది ఉండే చిన్న ముక్కలుగా. నగరంలో ఆ ముక్క ఒకే తీరుగా ఉంటుంది. పల్లెలో అదే ముక్కలో కోటీశ్వరుడి బంగళా, అద్దె కట్టలేని కుటుంబం పక్కపక్కనే పడి, సగటు బాగానే కనిపిస్తుంది. సముద్రంలోంచి వచ్చే గ్యాస్‌లో పెద్ద వాటా బాక్టన్ టెర్మినల్ నుంచే దేశానికి వెళుతుంది. ఈ నియోజకవర్గంలోనే ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఎన్నో ఇళ్లకు గ్యాస్ లైను లేదు, పెరట్లో ఆయిల్ ట్యాంకు పెట్టుకుని చలికాలం గడుపుతారు.

అపోహ: అక్కడంతా తెల్లవాళ్లే, మనకేం సంబంధం?

మొదటి సగం దాదాపు నిజమే, ఈ జిల్లాలో 98 శాతం దరిదాపు తెల్లవాళ్లు. అదే ఇంగ్లండ్‌లోనే లింకన్‌షైర్‌లో ఉన్న బోస్టన్ వెళితే, పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనికి తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లతో పదేళ్లలో జనాభా 64,600 నుంచి 70,500కు పెరిగింది. పల్లెలన్నీ ఒక్కలా ఉండవు.

రెండో సగం మాత్రం తప్పు. కేర్ హోమ్‌లో పనిచేసే మన కుర్రాడొకడు "అన్నా, వీసా మీద ఉన్నోడికి ఓటేంటి?" అని నవ్వాడు. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న పద్దెనిమిది దాటిన కామన్వెల్త్ పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, భారతీయులకు కూడా. పక్కనే ఏళ్లుగా ఉంటున్న పోలండ్ పౌరుడికి లేదు. ఆన్‌లైన్‌లో పేరు నమోదుకు ఐదు నిమిషాలు చాలు. పోలింగ్ రోజు ఫొటో గుర్తింపు అడుగుతారు, మన ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది.