పూత మీద పేరయ్య

అబ్బయ్యా, అమ్మణ్ణీ,

సంక్రాంతికొచ్చినప్పుడు మామిడిచెట్టు కింద నిలబడి అడిగారు, గుర్తుందా? "తాతా, పూతనిండా ఈగలే. మందు కొట్టించవా?" అరిసెల హడావుడిలో జవాబు ఎగ్గొట్టాను. ఇప్పుడు రాస్తున్నా.

వెనక ఊరికో పెళ్ళిళ్ళ పేరయ్య ఉండేవాడు. ఈ ఇంటి కబురు ఆ ఇంట్లో చెప్పి, రెండిళ్ళల్లోనూ భోంచేసి, సంబంధం కుదిర్చి పోయేవాడు. పూలకి పురుగులూ అంతే. తేనె కోసం వచ్చి, ఒంటికంటిన పుప్పొడిని పక్క పువ్వులో రాల్చిపోతాయి. పిందె పడుతుంది. అయితే అందరికీ ఒకే పేరయ్య కుదరడు. మన ఉలవపాడు మామిడికి ఎక్కువగా ఈగలే. పొట్లపువ్వు రాత్రి విచ్చుకుంటుంది కాబట్టి, దానికి చీకట్లో తిరిగే పొడుగు నాలిక పురుగు. వంగపువ్వుకి గీర ఎక్కువ. పుప్పొడిని గొట్టాల్లో దాచి, కొసన సూదిబెజ్జమంత దారి వదుల్తుంది. తేనెటీగ బతిమాలినా ఇవ్వదు. నల్లతుమ్మెద వచ్చి కరుచుకుని, రెక్కలాడించకుండా ఒళ్ళు జుమ్మనిపిస్తే జల్లెడలో పిండిలా రాలుతుంది.

తుమ్మెదంటే గుర్తొచ్చింది. మా తాత ఇంటి వాసాల్లో దాని కాపురం. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే బట్టతల మీద సన్నటి పొట్టు రాలేది. లేచి నన్ను తిట్టేవాడు. కోపమొచ్చి ఒకరోజు ఆ బొక్కని బంకమట్టితో మూసేశా. అది పక్కనే ఇంకోటి తొలిచింది. మళ్ళీ తిట్లు నాకే.

నా తప్పూ చెప్పాలి. ఒక ఏడు నిండు పూతలో, పూత రసం పీల్చేసే తేనెమంచు పురుగు దిగింది. కొట్టేవాళ్ళు పొద్దున్నే దొరికారని పొద్దున్నే మందు కొట్టించా. మధ్యాహ్నానికి చెట్టు కింద ఎండాకుల మీద ఈగలూ చిన్న తేనెటీగలూ వెల్లకిలా పడి కాళ్ళాడిస్తున్నాయి. ఆ ఏడు పిందె పల్చగా పడింది. మంచు కూడా కురిసింది లెండి, తప్పంతా మందుదే అనను.

ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు ఆకు మీదే ఉండిపోవు. చెట్టు రసంలోకి ఎక్కి తేనెలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. పేరయ్యకి పెట్టిన మజ్జిగలో మత్తు కలిపినట్టన్నమాట. చావకపోయినా ఇల్లు మరిచిపోతాడు. తేనెటీగలకి ముప్పని ఐరోపా సమాఖ్య దేశాలు 2018లో దాన్నీ, అదే కోవలో మరో రెండింటినీ ఆరుబయట పొలాల్లో నిలిపేశాయి. కలుపుమందు సంగతి వేరు. గట్టు మీది తుమ్మిపూలని మాడ్చేస్తుంది. మామిడి పూత ఉండేది కొద్ది వారాలే. తక్కిన రోజులు ఈ పురుగులు ఏం తినాలి? ఇక్కడ నా పోలిక కుంటుతోంది. పేరయ్యకైతే ఇంట్లో పప్పన్నం దొరుకుతుంది, వీటికి గట్టే వంటిల్లు.

అలాగని అన్నం మీద వాలే ఈగని తోలకుండా ఉండకండి, అవ్వ నన్ను తిడుతుంది.

సెలవులకి వస్తారుగా. అవ్వ పెరట్లో వంగ వేసింది. ఎండెక్కకముందే పోయి కదలకుండా కూచోండి. తుమ్మెద ఎగురుతుంటే ఒక శ్రుతి, పువ్వుని పట్టుకోగానే సన్నగా ఇంకో శ్రుతి. ఆ మార్పు మీ చెవిన పడిందా లేదా నాకు చెప్పండి.

మీ తాత