పరికిణీకి పేపర్ కటింగ్ కావాలా? ఇంటి కుట్టులో అపోహలు – వాస్తవాలు

నా దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వచ్చేవారిలో చాలామంది మిషను తొక్కడం వారం రోజుల్లోనే పట్టుకుంటారు గానీ, కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టమంటే మాత్రం చేయి వెనక్కి తీసుకుంటారు. పేపర్ కటింగ్, అంటే కొలతలకు కాగితం మీద గీసి కోసుకున్న నమూనా, ముందు పెట్టుకోనిదే గుడ్డ కోయకూడదన్న మాట వాళ్ల మనసులో అంత బలంగా పడిపోయి ఉంటుంది. జాకెట్టు విషయంలో ఆ జాగ్రత్త సబబే. లంగా, పరికిణీ, స్కర్టు వంటి నడుము నుంచి వేలాడే బట్టలకు మాత్రం అది అక్కర్లేని భయమని నేను ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను.

అపోహ: కాగితం మీద గీసుకోకపోతే కొలత కుదరదు.

జాకెట్టులో భుజం, చంక, ఛాతీ, మెడ ఇలా శరీరం వంపు తిరిగిన ప్రతిచోటా గుడ్డ కూడా వంపు తిరగాలి కాబట్టి కాగితం అవసరమవుతుంది. లంగా శరీరాన్ని పట్టి ఉంచేది నడుము దగ్గర ఒక్కచోటే. అక్కడి నుంచి కిందికి గుడ్డ తన బరువుతో తానే జారుతుంది. కుచ్చుల లంగా ఒక దీర్ఘచతురస్రం, కలీల లంగా పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉండే ముక్కల వరుస, గొడుగు లంగా నడిమధ్య రంధ్రమున్న వృత్తం. ఈ మూడింటినీ టేపు, సుద్ద, పొడవాటి స్కేలు ఉంటే నేరుగా గుడ్డ మీదే గీయవచ్చు. తుంటిని, తొడలను అంటిపెట్టుకుని ఉండే పెన్సిల్ స్కర్టు ఈ లెక్కలోకి రాదు. దానికి డాట్లు, అంటే ఒంటి వంపుకు తగ్గట్టు గుడ్డను మడిచి వేసే కోసు కుట్లు, ఉంటాయి గనుక కాగితం మీద గీసుకోవడమే మంచిది.

అపోహ: నడుము కొలత, పొడవు తెలిస్తే చాలు.

ఇంట్లో కుట్టిన స్కర్టులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. జిప్పు గానీ, పక్కన చీలిక గానీ లేని ఎలాస్టిక్ స్కర్టు తొడుక్కునేటప్పుడు తుంటి మీదుగా ఎక్కాలి. కాబట్టి పై చుట్టుకొలతను నిర్ణయించేది నడుము కాదు, తుంటి. నడుము 30 అంగుళాలు, తుంటి 38 అంగుళాలు ఉన్న మనిషికి 36 అంగుళాల పొడవు స్కర్టు కుట్టాలనుకుందాం. తుంటికి 2 అంగుళాల వదులు కలిపితే 40, కుట్టుకు ఇంకో అంగుళం కలిపితే 41 అంగుళాల పొడవుతో, మూడున్నర అంగుళాల వెడల్పుతో నడుము పట్టీ కోయాలి. దాన్ని నిలువునా సగానికి మడిచి కుడితే అంగుళం ఎలాస్టిక్ హాయిగా దూరే నేఫా వస్తుంది. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉన్న గుడ్డలో 38 అంగుళాల పొడవు ముక్కలు రెండు తీసి పక్కలు కలిపితే, కుట్టుకు పోయినది పోగా చుట్టూ 86 అంగుళాలు మిగులుతుంది. ఈ 86 అంగుళాలను కుచ్చుగా లాగి 40 అంగుళాల పట్టీకి అతకాలి. ఆ తర్వాత దూర్చే ఎలాస్టిక్ దాన్ని నడుము దాకా దగ్గరికి లాక్కుంటుంది. ఎలాస్టిక్‌ను నడుము కొలతకు సరిగ్గా కోస్తే నాలుగు ఉతుకులకే జారడం మొదలవుతుంది. రెండు మూడు అంగుళాలు తగ్గించి కోసి, ముందు పిన్నీసుతో ఒకసారి నడుముకు పెట్టి చూసుకున్నాకే చివరలు కుట్టాలి. మొత్తానికి రెండుంబావు మీటర్ల గుడ్డ సరిపోతుంది, తడిపినప్పుడు ముడుచుకునే కాస్తకు కూడా అందులోనే చోటుంటుంది.

తడపడం అన్నాను కాబట్టి ఒక మాట. నూలు గుడ్డను కోయడానికి ముందు రాత్రంతా నీళ్లలో ఉంచి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. లోపల వేసే లైనింగు గుడ్డకు ఇది మరీ ముఖ్యం. నేను కుట్టు మొదలుపెట్టిన కొత్తలో ఒక పట్టు పరికిణీకి తడపని నూలు లైనింగు వేశాను. మొదటి ఉతుకుకే లైనింగు పొట్టిదై, పైనున్న పట్టు అంచు దగ్గర బుడగలు బుడగలుగా లేచింది. ఆ పాప తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను మాత్రం ఆ లైనింగు మొత్తం ఊడదీసి మళ్లీ వేసిచ్చాను.

అపోహ: కుచ్చులు ఎంత ఎక్కువైతే అంత అందం.

అది గుడ్డను బట్టి ఉంటుంది. జార్జెట్, షిఫాన్ వంటి పలుచని గుడ్డకు నడుము పట్టీకి మూడింతల వెడల్పు పెట్టినా మెత్తగా పడుతుంది. మామూలు నూలుకు రెండింతలు, కాస్త పైన చాలు. మందపాటి ఖద్దరుకు ఒకటిన్నర రెట్లు దాటితే నడుము దగ్గర మూట కట్టినట్టు లేస్తుంది. సమానంగా కుచ్చులు పెట్టడానికి మిషను కుట్టును పెద్దది చేసి, పావు అంగుళం ఎడంతో రెండు వరసలు వేసి, రెండింటి కింది దారాలనే కలిపి లాగాలి. లాగే ముందు గుడ్డను, పట్టీని విడివిడిగా నాలుగు భాగాలకు గుర్తు పెట్టుకుని గుర్తుకు గుర్తు కలిపితే, కుచ్చంతా ఒకే పక్కకు చేరదు.

అపోహ: కలీల లంగాకు గుడ్డ చాలా వృథా అవుతుంది.

నిజానికి ఇంటి కుట్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన కోత ఇదే, ఎందుకంటే ఇందులో పారేసే ముక్క దాదాపు ఉండదు. 44 అంగుళాల పన్నా గుడ్డను 22 అంగుళాల చొప్పున రెండు పట్టీలుగా చీల్చండి. ఒక పట్టీకి పై అంచులో ఎడమ మూల నుంచి 8 అంగుళాల దగ్గర, కింది అంచులో అదే ఎడమ మూల నుంచి 14 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, రెండు గుర్తులనూ కలుపుతూ ఏటవాలుగా కోస్తే ఒకదానికొకటి తలకిందులుగా రెండు కలీలు వస్తాయి. రెండోదాన్ని గుడ్డ మంచి వైపు మారకుండా తిప్పి పెట్టుకుంటే, రెండింటికీ ఏటవాలు ఒకే వైపుకు వచ్చినట్టు కనిపిస్తుంది. ఇక వరుసగా కలుపుతూ పోతే ప్రతిచోటా ఏటవాలు అంచు నేరు అంచుకే అతుకుతుంది. రెండు ఏటవాలు అంచులను ఒకదానికొకటి కుడితే ఆ కుట్టు సాగి కింద వేలాడుతుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. మిషను మీద ఏటవాలు అంచును కిందికి, నేరు అంచును పైకి ఉంచి నడుము వైపు నుంచి కుట్టుకు రావాలి. 38 అంగుళాల పొడవుకు ఏటవాలు అంచు అర అంగుళం వరకు ఎక్కువ వస్తుంది, అది కింద మిగిలితే కత్తిరించేయవచ్చు. ఇలాంటి మూడు పట్టీల నుంచి వచ్చే ఆరు కలీలు కలిపితే, కుట్టుకు పోయినది పోగా పైన 42, కింద 78 అంగుళాల చుట్టు వస్తుంది. చీర లోపలి లంగాకు ఇది చక్కగా సరిపోతుంది. పువ్వుల తలలన్నీ ఒకే వైపు చూసే ప్రింటుకు మాత్రం ఈ కోత పనికిరాదు. సగం కలీల్లో పువ్వులు తలకిందులవుతాయి.

అపోహ: చీర లోపలి లంగా బొందు ఎంత బిగిస్తే చీర అంత నిలుస్తుంది.

చీరను నిలబెట్టేది లంగా పై పట్టీ పట్టు, బొందు కోత కాదు. లంగా బొందును గానీ, లంగా లేకుండా చీరనే గానీ ఏళ్ల తరబడి ఒకే చోట బిగించి కట్టడం వల్ల నడుము మీద మానని పుండు పడి, అది చర్మ క్యాన్సరుగా మారిన ఇద్దరు వృద్ధ మహిళల గురించి మన దేశపు వైద్యులు 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ పత్రికలో రాశారు. ఇది అరుదైన విషయమే అయినా, నడుము మీద నల్లని చార, ఒరుపు ఉన్నవాళ్లు నా దగ్గరకు తరచూ వస్తుంటారు. నడుము పట్టీని రెండు అంగుళాలకు తగ్గకుండా వేసి, సన్నని తాడుకు బదులు అంగుళం వెడల్పున్న గుడ్డ బొందు ఎక్కిస్తే ఒత్తిడి ఒకే గీత మీద పడదు. కుట్టడానికి అదనంగా పట్టేది పది నిమిషాలే.

అపోహ: ఓవర్‌లాక్ మిషను లేకపోతే ఇంటి కుట్టు పోగులు లేచిపోతుంది.

ఓవర్‌లాక్ మిషను కోసిన అంచును దారాలతో చుట్టేసి పోగు లేవకుండా చేస్తుంది. అది లేకపోయినా, నేతలోనే గట్టిపడి వచ్చే గుడ్డ పక్క అంచు కుట్టు దగ్గరకు వచ్చేలా కోసుకుంటే అక్కడ పోగు లేవదు. మిగతా చోట్ల ముందు మంచి వైపు బయటికి ఉంచి కుట్టి, అంచు సన్నగా కత్తిరించి, తిరగేసి మళ్లీ కుడితే పోగులన్నీ లోపలే మూసుకుపోతాయి. కాలితో తొక్కే పాత మిషనుకు ఇది బాగా సాధ్యమయ్యే పని.

అపోహ: గొడుగు లంగా కోసిన రోజే అంచు మడిచి పూర్తి చేయవచ్చు.

వృత్తం గీయడం చూసి భయపడేవారు ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు: పై చుట్టుకొలతను 6.28తో భాగిస్తే మధ్య రంధ్రపు వ్యాసార్ధం వస్తుంది. ఎలాస్టిక్ వేసే 40 అంగుళాల చుట్టుకు అది సుమారు 6.4 అంగుళాలు. అందులోంచి కుట్టుకు అర అంగుళం తీసేసి గీయాలి. ఆ అర అంగుళం మరిచిపోతే చుట్టులో మూడు అంగుళాలకు పైగా తేడా వస్తుంది, పైగా రంధ్రం పెద్దదైతే దిద్దడం కష్టం కాబట్టి ముందు చిన్నగానే కోయండి. ఇంత జాగ్రత్తగా కోసినా అంచు మాత్రం వెంటనే మడవకూడదు. వృత్తంలో నాలుగు చోట్ల గుడ్డ నేరు పోగు మీద, వాటి మధ్య నాలుగు చోట్ల ఏటవాలు మీద వేలాడుతుంది. ఏటవాలు భాగాలు తమ బరువుకే సాగి కిందికి దిగుతాయి. పట్టీ అతికిన లంగాను హ్యాంగరుకు క్లిప్పులు పెట్టి కనీసం ఒక రోజంతా వేలాడదీసి, మర్నాడు తొడుక్కుని బల్ల మీద నిటారుగా నిలబడితే, ఇంకొకరు స్కేలును బల్లకు ఆనించి నిలబెట్టి ఒకే ఎత్తున చుట్టూ సుద్ద గీత పెట్టాలి. గీత కింద కొన్నిచోట్ల ఏమీ మిగలదు, కొన్నిచోట్ల రెండు వేళ్ల గుడ్డ మిగులుతుంది. ఆ మిగిలింది కత్తిరించి, పావు అంగుళం మాత్రమే రెండుసార్లు మడిచి కుట్టాలి, ఎందుకంటే గుండ్రటి అంచుకు వెడల్పాటి మడత పెడితే లోపల గుడ్డ ముడతలు పడుతుంది.