దాక్కోవడమే జబ్బు

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. మనిషి ఒంట్లో అది మన రక్షణ వ్యవస్థ కళ్లుగప్పి ఎలా నెగ్గుకొస్తుందో అంతుచిక్కడానికి మాత్రం దాదాపు మరో వందేళ్లు పట్టింది.

మలేరియా రకాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ప్లాస్మోడియం ఫాల్సిపారం. దోమకాటుతో లోపలికి వచ్చి, కాలేయంలో వేలాదిగా పెరిగి, ఎర్ర రక్తకణాల్లో దూరుతుంది. ఆ చోటు ఎంపికలోనే ఉంది గడుసుతనమంతా. శరీరంలోని చాలా కణాలు తమలో ఉన్న ప్రోటీన్ల ముక్కలను పైపొర మీద ఉంచుతాయి. వాటిని తడిమి చూసి టి-కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) శత్రువును పసిగడతాయి. కేంద్రకమే లేని ఎర్రకణానికి ఆ ఏర్పాటు లేదు.

అయినా ఒక చిక్కుంది. పరాన్నజీవి పెరిగేకొద్దీ ఎర్రకణం బిరుసెక్కుతుంది. అలాంటివాటిని ప్లీహం వడగట్టి పారేస్తుంది. అందుకని ఫాల్సిపారం ఒక జిగట ప్రోటీన్‌ను తయారుచేసి ఎర్రకణం పైకి పంపుతుంది. ఇక ఆ కణం సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతుంది, ప్లీహం దాకా పోనే పోదు. మెదడులో ఇదే జరిగితే రక్తప్రసారం స్తంభించి, మెదడు వాచి, రోగి స్పృహ తప్పుతాడు. మనల్ని చంపడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. తలదాచుకోవడానికి వేసిన ఎత్తే మన ప్రాణం మీదికి వస్తోంది.

పైకి తేలిన ఆ ప్రోటీన్‌ను యాంటీబాడీలు గుర్తుపట్టవా? పడతాయి. కానీ దాన్ని ఒక్కో రూపంలో తయారుచేసే జన్యువులు సుమారు 60 ఉన్నాయి, ఒక్కోసారి ఒక్కటే పనిచేస్తుంది. యాంటీబాడీలు ఒక రూపాన్ని తుడిచిపెట్టేలోగా కొన్ని పరాన్నజీవులు పగటివేషగాడిలా వేషం మార్చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనూ 2023లోనూ సిఫార్సు చేసిన రెండు టీకాలూ ఈ దశ జోలికే పోవు. పరాన్నజీవి కాలేయం చేరకముందే దాన్ని ఆపాలని చూస్తాయి.

శిలీంధ్రాలూ తక్కువ తినలేదు. క్యాండిడా అనే శిలీంధ్రం తన కణగోడలో మన కణాలు గుర్తించగల చక్కెర గొలుసులను పైపొర చాటున కప్పేస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో వణికించిన మ్యూకరేల్స్ వర్గపు శిలీంధ్రాలది వేరే దారి. వాటి సిద్ధబీజాలను ఆరోగ్యవంతుల తెల్లకణాలు మామూలుగానే అదుపు చేస్తాయి. అదుపు తప్పిన మధుమేహం, స్టెరాయిడ్లు ఆ తెల్లకణాలను నీరుగార్చినప్పుడు వాటికిక దాక్కోవలసిన పనేముంది? నేరుగా రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. రక్తం అందక చచ్చిన కణజాలానిదే ఆ నలుపు. అక్కడికి మందూ సరిగా చేరదు కాబట్టే శస్త్రవైద్యులు ఆ భాగాన్ని కోసి తీసేయాల్సి వచ్చింది.