ఆర్సెనికం ఆల్బం వెనుక మెదడువాపు నాటి పాఠం

వైరల్ జ్వరాలు పెరిగినప్పుడల్లా ఆర్సెనికం ఆల్బం 30 అనే హోమియో మందు పేరు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. దానికి 'సుప్రీంకోర్టే ఒప్పుకున్న మందు' అన్న మాట కూడా తగిలిస్తున్నారు. కోర్టు ఏమందో చూసే ముందు పాతికేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. అసలు మలుపు పడింది మన దగ్గరే.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి పిల్లల్ని పొట్టన పెట్టుకుంటోంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను చంపే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అప్పటికి టీకా కూడా ఊరూరికీ అందే స్థితిలో లేదు. ఆ పరిస్థితిలో రాష్ట్ర ప్రభుత్వం హోమియోపతి వైపు చూసింది. బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యుబర్క్యులినం మందుల్ని 'బీసీటీ' పేరుతో పెద్ద ఎత్తున పిల్లలకు పంచింది. తర్వాత కేసులు తగ్గాయని, అది ఈ మందుల ఫలితమేనని హోమియో వైద్యులు ఇప్పటికీ చెబుతారు. కళ్ల ముందు పిల్లలు పోతుంటే చేతిలో ఉన్నది ఇచ్చారు, వారి ఉద్దేశాన్ని తప్పుపట్టలేం.

కానీ ఆ వ్యాధి ఏటా ఒకేలా ఉండదు. వరిచేలలో పెరిగే క్యూలెక్స్ దోమలు, పందులు, నీటిపక్షులు, వానలు, ఇన్నిటిని బట్టి ఒక ఏడాది విరుచుకుపడుతుంది, మరో ఏడాది మందు లేకపోయినా తగ్గుతుంది. మందిచ్చిన ఊళ్లనూ ఇవ్వని ఊళ్లనూ పోల్చి చూస్తేనే నిజం తేలుతుంది. బీసీటీని అలాంటి పరీక్షగా నడపలేదు. పైగా మెదడువాపులా కనిపించేవన్నీ ఒకే జబ్బు కావు. 2003లో ఇక్కడే 329 మంది పిల్లలకు సోకి 183 మందిని బలిగొన్నది చండీపురా అనే వేరే వైరస్‌కు సంబంధించిన జబ్బని పరీక్షల తర్వాత తేలింది. ముందు పంచడం, కేసులు తగ్గితే ఆ పేరు మందుకివ్వడం, ఈ అలవాటు మాత్రం నిలిచిపోయింది.

2020 జనవరి 28న కేంద్ర హోమియోపతి పరిశోధన మండలి సలహా సంఘం సమావేశమైంది. మర్నాడే కరోనా నివారణకంటూ ఆయుష్ శాఖ ప్రకటన వచ్చింది: ఆర్సెనికం ఆల్బం 30, పరగడుపున రోజుకో డోసు, మూడు రోజులు. దేశంలో తొలి కరోనా కేసు కేరళలో బయటపడింది జనవరి 30న. ఒక మహమ్మారిలో చాలామంది రోగుల లక్షణాలు గమనించి, వాటికి సరిపోయే మందును ఎంచాలన్నది హోమియోపతి సొంత సూత్రమే. ఇక్కడ మన గడ్డపై ఒక్క రోగీ తేలకముందే మందు ఖరారైంది. ఫ్లూ లాంటి జ్వరాల నివారణకు దీన్ని అంతకుముందే సూచించారన్నది ఆ ప్రకటన చూపిన ఆధారం. 30 పొటెన్సీ అంటే నూరింతల చొప్పున ముప్పై సార్లు పలచన చేసింది. పన్నెండు సార్లు దాటేసరికే మూలపదార్థం అణువు ఒక్కటైనా మిగలడం కష్టం.

మార్చి 6న ఆయుష్ శాఖ రాష్ట్రాలకు పంపిన సూచనల్లో నివారణ, లక్షణాల ఉపశమనంతో పాటు ఆసుపత్రి చికిత్సకు తోడుగా ఇవ్వడమూ చేరింది. నేటి వాదన అంతా దీని మీదే. ఆగస్టు 21న కేరళ హైకోర్టు, ఆయుష్ వైద్యులు కరోనాకు చికిత్స చేస్తున్నామని చెప్పుకుంటే చర్య తీసుకోవచ్చంది. డిసెంబరు 15న సుప్రీంకోర్టులో జస్టిస్ అశోక్ భూషణ్, తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం ఆ పట్టును కొంత సడలించింది. నివారణకు, ఆసుపత్రి చికిత్సకు తోడుగా హోమియో మందులు రాయవచ్చు, నయం చేస్తామని మాత్రం ప్రచారం చేసుకోకూడదు అంది. ఆ సూచనల మేరకు వైద్యులు ఏం చేయవచ్చన్నదే కోర్టు తేల్చింది. మందు పనిచేస్తుందని ధ్రువీకరించలేదు.

పనిచేస్తుందో లేదో తేల్చే పద్ధతి అదే ఏడాది జూన్‌లో కనిపించింది. బ్రిటన్‌లో కరోనా మందుల్ని పరీక్షించిన రికవరీ ట్రయల్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన వారినీ ఇవ్వని వారినీ పోల్చి, ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో అది మరణాలు తగ్గిస్తుందని చూపింది. అదీ చవక మందే, పాత మందే.

ఆసుపత్రి చికిత్సకు తోడు అనాలంటే ముందు ఆ చికిత్స అందాలి. గుళికలు వేసుకున్నాం కదా అని ఇంట్లోనే రెండు రోజులు ఆగిపోతే అది తోడు కాదు, ఆలస్యం. అందుకే గుళికలు పంచే ప్రతి సీసా మీద ఒక్క మాట రాయించాలి: ఆయాసం వచ్చినా, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.